నెల పట్టిన రోజు నుంచి భోగి దాకా: ఇంట్లోనే కట్టుకునే క్యాలెండరు

సంపాదకులకు నమస్కారాలు.

డిసెంబరు దగ్గర పడుతోందంటే చాలు, రోజుకొక చిన్న తలుపు తెరిస్తే లోపల ఒక చాక్లెట్టు దొరికే అట్టపెట్టె క్యాలెండర్లు ఆన్‌లైన్ అంగళ్లలో కనబడుతున్నాయి, పిల్లలున్న ఇళ్లలో వాటిని కొనిపెట్టమని మారాం మొదలవుతోంది. ఆ వస్తువు మీద నాకు కోపమేమీ లేదు. అయితే పండుగ ఇంకా ఎన్ని రోజులుందో లెక్కపెట్టుకుంటూ రోజుకొక ముచ్చట తీర్చుకునే ఏర్పాటు మన సంక్రాంతి నెలలోనే ఇమిడి ఉందనీ, దానిని గోడకు కట్టడానికి కాస్త పురికొసా కొన్ని పాత శుభలేఖల కవర్లూ చాలుననీ, కాకపోతే దానిని అల్లుకునే పద్ధతి వేరుగా ఉండాలనీ మీ పత్రిక ద్వారా గుంటూరు, విజయవాడల తల్లిదండ్రులకూ, ముఖ్యంగా ఇంట్లో తీరిక ఉన్న తాతయ్యలకూ, అమ్మమ్మలకూ, నాయనమ్మలకూ విన్నవించుకోవడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ అట్టపెట్టెల పుట్టుక సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే వాటికీ మా గుంటూరుకూ ఒక దూరపు చుట్టరికం ఉంది. 19వ శతాబ్దంలో జర్మనీలోని లూథరన్ క్రైస్తవుల ఇళ్లలో డిసెంబరు రాగానే తలుపు మీద సుద్దముక్కతో 24 గీతలు గీసి, క్రిస్మస్ వచ్చేదాకా పిల్లల చేత రోజుకొక గీత చెరిపించేవారు. 20వ శతాబ్దం తొలి ఏళ్లలో మ్యూనిక్‌లో గెర్హార్డ్ లాంగ్ అనే ముద్రాపకుడు ఆ లెక్కను అచ్చువేసి అమ్మకానికి పెట్టాడు. తలుపులూ, వాటి వెనుక మిఠాయిలూ ఆ తరువాత వచ్చి చేరాయి. అదే లూథరన్ శాఖకు చెందిన హయ్యర్ అనే మిషనరీ 1842లో గుంటూరు చేరి ఇక్కడ బడులు పెట్టారు, ఆ మిషన్ కృషి నుంచే తరువాతి కాలంలో ఆంధ్ర క్రైస్తవ కళాశాల వెలిసింది. తలుపు మీద సుద్దగీతలు గీసిన ఆ తల్లులు అందుకోసం బజారులో కొన్నదేమీ లేదన్న సంగతిని మాత్రం మనం గుర్తుపెట్టుకోవాలి.

మన వైపు డిసెంబరు 16 ప్రాంతంలో సూర్యుడు ధనూరాశిలో ప్రవేశించగానే నెల పడుతుంది, అంటే ధనుర్మాసం మొదలవుతుంది. ఆనాటి నుంచి భోగి దాకా లెక్కిస్తే ఏడాదిని బట్టి 29 రోజులో, 30 రోజులో వస్తాయి. తిరుప్పావైలోని 30 పాశురాలను రోజుకొకటి చొప్పున వైష్ణవాలయాల్లో అనుసంధించి, భోగినాడు గోదాకల్యాణంతో ముగిస్తారు. అంతకంటే పాతదీ, చక్కనిదీ అయిన రోజుల లెక్క మనకు మరొకటి అక్కరలేదు. పల్లెటూళ్లలో ఈ నెలరోజుల పనులను ఎవరూ కాగితం మీద రాసుకోనవసరం లేకపోయింది. పక్కింటావిడ కళ్లాపి చల్లుతుంటే మన వాకిలి గుర్తొచ్చేది, ఎదురింటి అరుగు మీద గొబ్బెమ్మలు ఎండుతుంటే మన పిల్లలు పేడ కోసం పరుగెత్తేవారు. అయిదో అంతస్తులో తలుపు మూసుకుని ఉండే ఇంటికి ఆ ఊతం లేదు కాబట్టి, చేయవలసినది రాసి కళ్ల ముందు వేలాడదీసుకోవలసి వస్తోంది.

చాక్లెట్ల క్యాలెండరులో ఏ తలుపు ముందు తెరిచినా, ఏది వెనుక తెరిచినా తేడా రాదు, ఈ రోజు మరిచిపోతే రేపు రెండు తెరవవచ్చు. మన నెలలో అలా కుదరదు. పండుగ నాలుగు రోజుల్లో కనబడే ప్రతి ముచ్చట వెనుకా ముందుగా ముగించవలసిన పని ఒకటి ఉంటుంది, ఆ పనికి పట్టే రోజులు దానికి పడతాయి. అందుచేత రోజుకొక కవరులో వేసే పనుల చీటీలను నెల పట్టిన రోజు నుంచి ముందుకు కాక, భోగి నుంచి వెనక్కి లెక్కవేసుకుంటూ రాయాలి. నా ఉత్తరంలో ముఖ్యమైన మాట ఇదే.

భోగి పిడకల దండనే తీసుకుందాం. ముందురోజు సాయంత్రం బజారుకు వెళ్లి కట్టిన దండ కొనుక్కొచ్చి తెల్లవారుజామున మంటలో వేయించడం ఇప్పుడు మామూలైపోయింది, అందులో పిల్లవాడు చేసిన పని ఏమీ ఉండదు. ఇంట్లో చేయించాలంటే క్రిస్మస్ లోపలే మొదలుపెట్టాలి. ఆ రోజుల్లో పొద్దెక్కేదాకా మంచు వదలదు, ఎండ ఏటవాలుగా పడుతుంది, కనుక పిడక లోపలిదాకా ఎండడానికి వారం పది రోజులు పడుతుంది. ఊరి అంచున పాడిపశువులున్నవాళ్లను అడిగితే ఆవుపేడ ఇవ్వడానికి ఎవరూ కాదనరు. దానిలో కాస్త ఊక గానీ తరిగిన గడ్డి గానీ కలిపి, నిమ్మకాయంత ముద్ద తీసుకుని, డాబా మీద పరిచిన పాత గోనెపట్టా పైన అరచేతితో బిళ్లగా తట్టి, పచ్చిగా ఉన్నప్పుడే నడిమధ్యన చిల్లు పెట్టాలి. చిటికెనవేలితో పెట్టిన చిల్లు ఎండేసరికి ముడుచుకుపోయి పురికొస దూరదు కాబట్టి బొటనవేలితోనే పెట్టించాలి. రెండు రోజులు గడిచాక అంచులు కాస్త పైకి లేచి, పైభాగం వెలిసిన రంగులోకి వస్తుంది. కిందివైపు మాత్రం చెమ్మగానే ఉండి గోనె పోగుల అచ్చు పడి ఉంటుంది. అప్పుడు తిరగవేయడం ఒక చీటీ, ఎండిన తరువాత దండ గుచ్చడం మరొక చీటీ. పేడ తేవడం, తట్టడం కూడా కలుపుకుంటే ఒక్క దండే నాలుగు కవర్లను నింపుతుంది. మొదటిరోజు ముక్కు మూసుకున్న పిల్లలే మూడో కవరు నాటికి ఏ పిడక ఎవరిదని తగువులాడుకోవడం నేను చూశాను. అంత శ్రమపడి చేసిన దండ మంటలో వేసేటప్పుడు, అదే మంటలో పాత టైర్లూ ప్లాస్టిక్కూ పడవేసే పెద్దలను ఆపే ధైర్యం కూడా వాళ్లకే వస్తుంది.

అరిసెల సంగతీ అంతే. ఒకనాడు బియ్యం నానబోయడం, మర్నాడు వాడ్చి తడి ఆరకముందే పిండి పట్టించి జల్లించడం, ఆ వెంటనే బెల్లం పాకం పట్టడం, ఇవన్నీ ఒకదాని తోక పట్టుకుని ఒకటి రావలసిన పనులు. పాకం కుదిరిందో లేదో చూసే బాధ్యతను పిల్లలకే అప్పగించవచ్చు. పళ్లెంలో నీళ్లు పోసి పెద్దవాళ్లు గరిటెతో చుక్క పాకం వేస్తే, పిల్లలు దానిని వేళ్లతో పోగుచేయాలి. మెత్తటి ఉండ కడితే పొయ్యి కట్టేయవచ్చు, నీళ్లలో పారిపోతే ఇంకా ఉడకాలి, పళ్లెంలో వేస్తే ఖణేలుమంటే ముదిరిపోయిందన్నమాట. మూకుడు దగ్గరకు మాత్రం వాళ్లను రానివ్వకూడదు, నువ్వులు అద్దే పని ఇస్తే చాలు.

కొన్ని చీటీల గడువు మన చేతిలో ఉండదు. డిసెంబరు రెండో పక్షంలో ఒక ఆదివారం తెనాలి వైపు గానీ ఉయ్యూరు వైపు గానీ వెళితే కోతలు చివరికొచ్చిన వరి చేలూ, గట్ల మీద కుప్పలూ కనిపిస్తాయి. వంగి చూస్తే మరొకటి కూడా కనిపిస్తుంది. కోతకు రెండు మూడు రోజుల ముందు, నిలిచి ఉన్న వరిలోనే చల్లిన మినుములు ఆ పదునుకే మొలకెత్తి, కోసిన దుబ్బుల మధ్య రెండేసి ఆకులతో తల ఎత్తుతుంటాయి. ఒక పంట ఇంటికి చేరకముందే మరో పంట అదే నేలలో మొదలైపోయిన ఈ దృశ్యాన్ని సంక్రాంతి సెలవుల్లో చూపిద్దాంలే అని వాయిదా వేస్తే, అప్పటికి అది పచ్చటి మినుము చేనైపోయి, వరి సంగతి నోటితో చెప్పుకోవలసిందే. కనుక ఈ చీటీ మొదటి పది కవర్లలోనే ఉండాలి. గుంటూరు పక్కనే ఉన్న ఉప్పలపాడు చెరువుల్లో చెట్ల మీద గుమిగూడే గూడబాతులనూ, ఎర్రకాళ్ల కొంగలనూ చూడడానికి అంత తొందర లేదు, ఈ నెలలో ఏ ఆదివారమైనా సరే. విజయవాడలో కొత్త సంవత్సరం తొలి రోజుల్లో జరిగే పుస్తక మహోత్సవం తేదీలు ఒక్కో ఏడాది కాస్త అటూ ఇటూ అవుతుంటాయి గనుక చీటీ రాసే ముందు చూసుకోవాలి. అక్కడ పిల్లల చేతికే డబ్బిచ్చి, వాళ్లు ఏం కొన్నా మాట్లాడకుండా ఉండగలగడం పెద్దవాళ్ల చీటీ. ఊళ్లో ఉన్న తాతగారికి 50 పైసల కార్డు మీద ఉత్తరం రాసి డబ్బాలో వేయడం కూడా సంక్రాంతికి అందేలా జనవరి మొదటి వారంలోనే జరగాలి. దగ్గరలో ఎర్రడబ్బా ఎక్కడుందో వెతకడానికే ఒక సాయంత్రం పట్టవచ్చు.

మన కోస్తాలో చాలా ఇళ్లలో బొమ్మల కొలువు సంక్రాంతికే తీరుస్తారు. అటక మీది పెట్టెను భోగినాడు దింపితే, చేయి విరిగిన బొమ్మను గోడకు ఆనించి నిలబెట్టడం తప్ప మరేమీ చేయలేము. వారం ముందుగా దింపితే అతకడానికీ, రంగు పోయినచోట కుంచె పెట్టడానికీ వ్యవధి ఉంటుంది. కొండపల్లి బొమ్మలను తేలికైన తెల్లపొణికి కర్రతో చెక్కి, విడివిడి భాగాలను చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతుకుతారు కాబట్టి తడిగుడ్డ తగలనివ్వకుండా పొడి కుంచెతో దులపాలి. విజయవాడవాసులకు కొండపల్లి కూతవేటు దూరమే. ఎద్దుబండి బొమ్మకు చక్రం ఎలా అమరుస్తారో అక్కడికే వెళ్లి చూసి, కొలువులోకి ఒక కొత్త బొమ్మ తెచ్చుకుంటే ఆ ఆదివారపు కవరు సార్థకమైనట్టే.

ముగ్గుల చీటీలు నెల పొడవునా పరుచుకోవాలి. మూడు చుక్కలతో మొదలుపెట్టి, తరువాత అయిదు, ఆ తరువాత ఏడు చుక్కలకు సందు చుక్క నాలుగు వరకు, ఇలా మెట్టుమెట్టుగా వెళితే పండుగ చివర రథం ముగ్గు వేసే నాటికి చేయి కుదురుతుంది. వీధి వాకిలి లేదన్న బెంగ అక్కరలేదు, అపార్టుమెంటు వరండాలో పలకల నేల మీద కూడా బియ్యప్పిండి చక్కగా నిలుస్తుంది, పైగా రథం తాడును పక్క ఫ్లాటు గుమ్మం దాకా లాగడానికి వరండా వాకిలి కంటే అనువుగా ఉంటుంది. మగపిల్లలకు ముగ్గు చీటీ ఇవ్వకూడదనే వాళ్లు గాలిపటాల చీటీ ఆడపిల్లలకు ఇస్తున్నారో లేదో ఒకసారి చూసుకోవాలి. గాలిపటాల ప్రస్తావన వచ్చింది కనుక, నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే దేశమంతటా నిషేధించిందనీ, నూలుదారానికి ఇంట్లోనే గంజి పట్టించి ఎండబెట్టుకోవచ్చనీ, అదీ ఒక కవరుకు సరిపడే పనేననీ గుర్తుచేస్తున్నాను.

నేను సైన్సు పాఠాలు చెప్పి విరమించినదాన్ని కాబట్టి ప్రతి కవరు వెనుకా ఒక చిన్న లెక్క రాయించమంటాను. ఆనాటి సూర్యోదయ, సూర్యాస్తమయ వేళలను పత్రికలో చూసి రాయడమే ఆ లెక్క. డిసెంబరు 21, 22 తేదీల్లో విజయవాడలో పగలు దాదాపు 11 గంటల 8 నిమిషాలు, ఏడాదిలో అదే అతి తక్కువ. అప్పుడు సాయంత్రం 5 గంటల 40 నిమిషాల ప్రాంతంలో అస్తమించే సూర్యుడు సంక్రాంతి నాటికి 5 గంటల 54 నిమిషాల దాకా ఉంటాడు. పగలు పెరుగుతోంది కదా, తెల్లవారడం కూడా ముందుకు జరగాలి అని పిల్లలు అనుకుంటారు. కవర్లు తిప్పి చూస్తే సూర్యోదయం 6 గంటల 31 నిమిషాల నుంచి 6 గంటల 39 నిమిషాలకు, అంటే ఇంకా ఆలస్యంగా, జరిగి ఉంటుంది. దీనికి కారణం భూమి అక్షం వాలి ఉండడమూ, కక్ష్య సరైన వృత్తం కాకపోవడమూ. జనవరి మొదటి రోజుల్లో భూమి సూర్యుడికి అత్యంత సమీపంలో ఉండి వేగంగా కదులుతుంది, దానివల్ల మన గడియారం లెక్కలో సూర్యుడు నడినెత్తికి వచ్చే వేళ రోజుకు అర నిమిషం చొప్పున ఆలస్యమవుతూ, ఉదయాన్నీ సాయంత్రాన్నీ కలిపి లాగుతుంది. ధనుర్మాసం సౌరమాసాలలో పొట్టిది కావడానికి కూడా ఆ వేగమే కారణం. ఈ వివరణ ఏడేళ్ల పిల్లకు అర్థం కావాలని నేను అనను. కానీ అంకెలు తన చేతిరాతలోనే ఉంటే ఆ ప్రశ్న తనంతట తానే అడుగుతుంది, జవాబుకు తొందరేముంది? రాత్రి ఎనిమిది గంటలకు డాబా ఎక్కి పిల్లలకోడి, గొల్లకావడి అనే చుక్కల గుంపులను గుర్తుపట్టడం మాత్రం ఆ వయసుకే తగిన చీటీ.

ఇక తయారీ. కార్తీక, మార్గశిర మాసాల ముహూర్తాల పుణ్యమా అని డిసెంబరు నాటికి ప్రతి ఇంట్లోనూ శుభలేఖల కవర్లు పోగుపడి ఉంటాయి. మూలల్లో పసుపు అంటిన ఆ కవర్లనే తీసుకుని, కొస మడత కత్తిరించి, పిల్లల చేయి అందే ఎత్తులో గోడకు కట్టిన పురికొసకు బట్టల క్లిప్పులతో తగిలించాలి. వాటి మీద వరుస సంఖ్యలను తెలుగు అంకెల్లో వేయిస్తే, ఈ రోజుది ఏదో వెతుక్కోవడంలోనే ౧ నుంచి ౩౦ దాకా వచ్చేస్తాయి. తెరిచిన కవరును తీసివేయకుండా తిప్పి తగిలిస్తే సూర్యుడి లెక్క అక్కడే కనబడుతుంది. చీటీల్లో ఎక్కువ భాగం పెద్దలు రాసినా కొన్నిటిని పిల్లల చేత రాయించాలి, అందులో "అమ్మ ఫోన్ పక్కన పెట్టి నాతో తొక్కుడుబిళ్ల ఆడాలి" అని ఉంటే అదీ పాటించాలి. పెద్దవాళ్లు మాత్రం ముందురోజు రాత్రే రేపటి చీటీ చూసుకుని తీరాలి. తేగలు కాల్చాలని చీటీలో ఉండి ఇంట్లో తేగలు లేకపోతే ఆ సాయంత్రం ఏడుపుతో ముగుస్తుంది. ఏ పనైనా అరగంటలో తెమలాలి, ఆదివారాలకు మాత్రమే పెద్ద పనులు. పరీక్షలుండే రోజులకూ, ఒంట్లో బాగుండని రోజులకూ అయిదారు ఖాళీ కవర్లు ఉంచుకోవాలి, వాటిలో ఒక బెల్లం ముక్క వేస్తే చాలు. తీరా నెల పట్టిన రోజుకు అన్ని చీటీలూ సిద్ధం కాకపోయినా ఫరవాలేదు, పిడకల చీటీలూ పొలం చీటీ ఖాయం చేసుకుంటే మిగిలినవి దారిలో రాసుకోవచ్చు.

ఈ కవర్లు మన ఇంటి గుమ్మం దగ్గరే ఆగిపోకూడదు. డిసెంబరు 24న నక్షత్రం వేలాడదీసిన ఇంటికి పిల్లలను పంపి, వాళ్ల ఇంట్లో గులాబీ పువ్వులు వండే అచ్చును అడిగి తెచ్చుకోవడం, పండుగకు మన ఇంటి అరిసెలు వాళ్లకు పంపడం ఇరుగుపొరుగులో ఎప్పటి నుంచో ఉన్నవే. అవి కూడా తేదీ వేసిన చీటీలుగా ఉండాలి. హరిదాసు అక్షయపాత్రలో బియ్యం పోయడమూ చీటీయే, అయితే చాలా అపార్టుమెంట్లలో హరిదాసును గేటు దగ్గరే ఆపేస్తున్నారు. పిల్లల చీటీ నెరవేరాలంటే సంక్షేమ సంఘం వారు ఈ నెలరోజులకైనా వాచ్‌మన్‌కు ఒక మాట చెప్పి ఉంచడం అవసరం.

పాఠశాలల వారికి ఒక విన్నపం. ఈ ఆలోచన నచ్చితే దయచేసి దీనిని ప్రాజెక్టుగా ఇవ్వవద్దు. ఇచ్చిన మర్నాడే స్టేషనరీ దుకాణాల్లో ముప్పై జేబులు కుట్టిన మెరుపుల అట్టలు అమ్మకానికి వస్తాయి, చీటీలు తల్లులు రాస్తారు, ఫోటోలు వాట్సాప్ గ్రూపులకు ఎక్కుతాయి, పిడకలు ఎవరూ తట్టరు. అంతకంటే ఆ నెలరోజులు సాయంత్రపు హోంవర్కు ఒక అరగంట తగ్గిస్తే ఎంతో మేలు చేసినవారవుతారు.

చివరిగా మీ పత్రికకే ఒక అభ్యర్థన. మీ ఆదివారం పిల్లల పేజీలో డిసెంబరు మొదటి వారంలో ఒకసారి, కత్తిరించుకోవడానికి వీలుగా 30 ఖాళీ చీటీలు గీసి ప్రచురించగలరని కోరుతున్నాను. ఆ ఏడాది పంచాంగం ప్రకారం నెల పట్టే తేదీ, భోగి తేదీ, పుస్తక మహోత్సవం తేదీలు వాటి మీద ముందే అచ్చువేసి, మిగిలినచోట ఏమీ రాయకుండా వదిలేయండి. డిసెంబరు 10 దాటాక ప్రచురిస్తే మాత్రం వరి కోతల ఆదివారానికి బండి మాట్లాడుకోవడానికి ఎవరికీ వ్యవధి ఉండదు.

భవదీయురాలు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
బ్రాడీపేట, గుంటూరు.